కారులో రేడియో అమర్చుట



కారులో రేడియో అమర్చుటను గూర్చి ఈ పూట కొంత ముచ్చటింపదలచితిని. ఇది పట్టణములలోని పడుచువాండ్ర వేడుక గదా, పల్లెపట్టున కాపురముండు పెద్దలకు దీనితో నేమి పని యని మీలో కొందఱు అనుకొనవచ్చును. నేనును ఒకప్పు డట్లే యనుకొంటిని. కాని యిప్పుడు మన గ్రామములలో ఎడ్లబండి కనబడుటకన్న పాతకారు కనబడుటయే సులభముగా నున్నది. ఆ కారు పేరునకు ఒక్క యింటివారిదే యైనను, నడిరేయి ఎవరికి ఆపద వచ్చినను అది ఊరందఱి బండియే. అట్టి బండి డ్యాష్‌బోర్డు వెనుక ఎవడో ఏ తీగను ఏ తీగకు ముడివేసిపోయెనో మన మెఱుగకుండుట ఎట్టి ముప్పు తెచ్చునో, నాకు జరిగినదానినే చెప్పెదను.

నేను ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విరమించినవాడను. మా యూరు దివిసీమలోనిది. నా కారు 1998వ సంవత్సరపు మారుతి 800. 1983లో మొదలై 2014 వఱకు తయారైన ఆ చిన్నబండిని మీలో ఎఱుగనివా రుండరు. దాని డ్యాష్‌బోర్డు నడుమ రేడియోకొఱకు విడిచిన గూడు కలదు. అందులో నేను పెట్టించిన క్యాసెట్టు సెట్టు ఇరువదియేండ్లు నిక్షేపముగా పాడి, పిదప టేపులను నమలుట మొదలుపెట్టి, తుదకు అదియు మానెను. పొలమునకు పోవునపుడు వార్తలును వ్యవసాయ కార్యక్రమమును వినుట నాకు అలవాటు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. మా నాన్నగారు పంచాయతీ అరుగుమీద నలుగురితో కూర్చుండి దానిని వినెడివారు. నేను బండిలో ఒంటరిగా వినెడివాడను. ఆ సెట్టు మూగపోవుటచే బండి యెక్కినపు డెల్ల ఏదో వెలితిగా నుండెను.

పట్టణమున ఒక దుకాణమునకు పోతిని. అంగడివాడు క్రొత్త సెట్టు నొకదానిని చూపెను. అందులో టేపు లేదు. వ్రేలెడు పెన్‌డ్రైవు దూర్చినచో పాడును. ఫోనులోని పాటను తీగ లేకయే అందుకొనును. ధర కుదిరినది. అప్పుడతడు, "మాస్టారూ, మీ బండి వైరింగు కోయకుండా కలపడానికి కనెక్టరు ఒకటి వస్తుంది, ఇంకో మూడు వందలవుతుంది" అనెను. తీగకు తీగ ముడివేసినచో చాలదా, దానికి మూడువంద లెందుకని నేను వలదంటిని. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. తప్పంతయు దుకాణపు కుఱ్ఱవానిదే యని నేను కొన్నాళ్లు చెప్పుకొని తిరిగితిని గాని, ఆ మూడువందలు మిగుల్చుకొన్నవాడను నేనే.

కుఱ్ఱవాడు పాత సెట్టును లాగి, దాని వెనుకనున్న తీగలగుత్తిని కత్తిరించి, క్రొత్త తీగలను పంటితో ఒలిచి, రెంటిని కలిపి మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, అరగంటలో పని ముగించెను. సెట్టు చక్కగా పాడెను. ఇల్లు చేరి బండి ఆపి తాళపుచెవి తీసిన పిమ్మట గూడ దాని ముఖము మీది చిన్నదీపము వెలుగుచుండెను. బండి ఆపినను పాట వినవచ్చునని మురిసితిని. ఓము సూత్రమును వందలమంది పిల్లలకు నేర్పినవాని తెలివి అంతవఱకే పోయినది.

ఆ యేటి వానలలో ఒకమాఱు ముసురు పట్టి, అయిదు దినములు నేను బండి తీయలేదు. అయిదవనాటి రాత్రి రెండుగంటలవేళ పొరుగింటి పెద్దాయన తలుపు తట్టెను. "మాస్టారూ, అమ్మాయికి నొప్పులొచ్చాయి, బండి తీయండి!" ఆయన కొమార్తె తొలికానుపునకు పుట్టింటికి వచ్చియుండెను. అంబులెన్సుకు అప్పటికే ఫోను చేసిరి. అది వేఱొక గ్రామమునకు పోయియుండుటచే, వచ్చుటకు గంటకు పైగా పట్టునని తెలిసెను. నేను చొక్కా తగిలించుకొని పరుగెత్తితిని. ఆ పిల్లను, ఆమె తల్లిని వెనుకసీటులో కూర్చుండబెట్టి చెవి త్రిప్పితిని. టక్కుమని యొక చప్పుడు. మరల త్రిప్పితిని. మరల అదియే చప్పుడు. ముందరి దీపములు చమురు తీరిన ప్రమిదలవలె ఎఱ్ఱబాఱి మినుకుచుండెను. నా యెదుట సెట్టు ముఖము మీది దీపము మాత్రము వెలుగుచునే యుండెను. అప్పటికిని నాకు తట్టలేదు.

ఆ పిల్లను మరల అరుగుమీదికి దింపితిమి. ఇరుగుపొరుగువారు ఆఱుగురు పోగై, వానలో, బురదలో బండిని త్రోసిరి. వారిలో ఒకరికి డెబ్బదియేండ్లున్నవి. రెండవ గేరులో నుంచి, బండి వేగమందుకొన్నంతనే క్లచ్చి విడిచితిని. మొదట చక్రములు జాఱెను. రెండవమాఱు ఇంజను దగ్గి ఊరకుండెను. మూడవమాఱు పట్టుకొన్నది. అంతయు ఇరువది నిముషములు. బందరులో ఆసుపత్రి గుమ్మము చేరిన అరగంటకు బిడ్డ పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమముగా నుండిరి. పొరుగాయన నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

మఱునాడు ఒక మీటరు తెచ్చితిని. బ్యాటరీ నెగటివు తీగను ఊడదీసి, ఆ తీగకును బ్యాటరీ మొనకును నడుమ మీటరును చేర్చి, ఎంత కరెంటు పోవుచున్నదో చూచితిని. బండి ఆపి, చెవి తీసి, తలుపులు మూసినను 180 మిల్లీ ఆంపియర్లు పోవుచుండెను. సెట్టు తీగను విప్పినంతనే మీటరు ముల్లు సున్నకు దిగెను. ఇక లెక్క మీరును వేయవచ్చును. 180 మిల్లీ ఆంపియర్లు ఒక దినమునకు 4.3 ఆంపియరు-గంటలు, అయిదు దినములకు 21కి పైగా. నా బ్యాటరీ క్రొత్తదైనపుడు 35 ఆంపియరు-గంటలది. మూడేండ్లు వాడినపిమ్మట అంత యీయనేరదు. స్టార్టరు ఇంజనును త్రిప్పు క్షణమున ఒక్కపెట్టున నూఱు ఆంపియర్ల పరిమాణమున లాగును. కుండకు సూదిబెజ్జము పడినచో ఆ పూట తెలియదు. దాహమై ముంచుకొనబోయినపుడు తెలియును.

ఆ బెజ్జము ఎక్కడ పడినదో చెప్పెదను. ఇప్పటి సెట్లకు వెనుకనుండి పదిపండ్రెండు తీగలు వచ్చును. అందులో ముఖ్యమైనవి మూడు: పసుపు, ఎఱుపు, నలుపు. పసుపుతీగ బ్యాటరీనుండి ఎల్లవేళల కరెంటు తెచ్చును. ఎఱ్ఱతీగ, తాళపుచెవి త్రిప్పినపుడు మాత్రమే కరెంటు వచ్చుచోటునకు చేరవలసినది. నల్లతీగ బండి యినుపదేహమునకు, అనగా ఎర్తునకు చేరవలెను. పసుపుతీగ అన్నము పెట్టునది, ఎఱ్ఱతీగ నిద్రలేపునది యని జ్ఞాపకముంచుకొన్నచో చాలును. చెవి తీసినపుడు ఎఱ్ఱతీగలో కరెంటు పోవును, సెట్టు పండుకొనును. పసుపుతీగ మాత్రము రవ్వంత మేతవేసి, గడియారమును మనము కుదుర్చుకొన్న స్టేషన్లను దాని జ్ఞాపకమున నిలుపును. ఆ మేత కొన్ని మిల్లీ ఆంపియర్లే. వారములు నిలిచినను బ్యాటరీకి పెద్ద బాధ లేదు.

మా కుఱ్ఱవాడు పసుపును ఎఱుపును కలిపి, రెంటిని ఎల్లవేళల కరెంటున్న తీగకే ముడివేసెను. ఎందుకనగా, చెవితో వచ్చు తీగ ఏదో వెదకుటకు మీటరు కావలెను, పది నిముషములు కావలెను. రెంటిని ఒక్కచోటనే కలిపినచో అంగడిముందు సెట్టు పాడును; బేరమువాడు సంతోషించి పోవును. సెట్టు మాత్రము రాత్రింబవళ్లు మేలుకొనియే యుండును. మీలో ఎవరి బండియందైనను చెవి తీసిన పిమ్మట సెట్టు దీపము వెలుగుచున్నచో, లేక బటను నొక్కినంతనే పాట వచ్చుచున్నచో, ఈ పనియే జరిగినదేమో చూపించుకొనుడు. దీనికి విరుద్ధమైన తప్పును కలదు: రెంటిని చెవితీగకే ముడివేయుట. అప్పుడు బ్యాటరీకి హానిలేదు గాని, బండి ఆపినపు డెల్ల సెట్టు సర్వము మఱచి, గడియారము మొదటికి వచ్చును. ఇది చిరాకే గాని ముప్పు కాదు.

నేను సెట్టును లాగి చూచినపుడు మఱియొకటి కనబడెను. గూటిలో సెట్టును పట్టియుంచుటకు రేకుతొడుగు ఒకటి యుండును. దాని యంచు కత్తివలె నుండును. పసుపుతీగ ఆ యంచుపై వ్రేలాడుచు, బండి కుదుపులకు ఒరసికొని, పైతొడుగు అరిగి రాగి బయటపడియుండెను. ఇంక నాలుగు గుంతలలో దిగినచో అది యినుమునకు తగిలెడిది. తగిలినచో ఫ్యూజు పోవును గదా యని ఫ్యూజుపెట్టె తెఱచితిని. అచ్చట ఫ్యూజు రెండుకాళ్లకు రాగితీగ చుట్టియున్నది. ఎవడు చుట్టె నందురా? నేనే. అయిదేండ్ల క్రిందట ఫ్యూజు దొరకక, ఇంటికి చేరినచో చాలునని చుట్టి, మఱచిపోతిని. మన యిండ్లలో ఫ్యూజుకట్టకు లావుపాటి తీగ వేసి నిశ్చింతగా నిద్రపోవువారు ఎందఱు లేరు! ఫ్యూజు సెట్టును కాపాడుట కనుకొందురు. అది ముఖ్యముగా కాపాడునది తీగను. తీగ భరింపలేని కరెంటు వచ్చినపుడు, తీగ కాలుటకు ముందు తాను కాలును. దానికి రాగితీగ చుట్టినచో, కాలవలసినది బండియే.

ఈ భయము క్రొత్తది కాదు. కారులో రేడియోను అమ్మకపు సరుకుగా చేసినవారిలో ముఖ్యుడు అమెరికాలో షికాగో నగరపు పాల్ గాల్విన్. 1930లో ఆయన సంస్థవారు మోటరోలా యను పేరుతో కారు రేడియోను తెచ్చిరి. అట్లాంటిక్ సిటీలో రేడియో వర్తకుల మహాసభ జరుగుచుండగా, సభలో చోటు లేక, ఆయన తన కారును బయట నిలిపి రేడియో వాయించి వచ్చిపోవువారికి వినిపించెనట. అప్పు కోరి ఒక బ్యాంకరు కారులో తన రేడియో బిగించగా, కొంతసేపటికే ఆ కారు అంటుకొన్నదనియు ఒక కథ చెప్పుకొందురు. అది ఎంత నిజమైనను, ఆనాటి రేడియో బిగించుట సామాన్యపు పని కాదు. అవి వాల్వుల రేడియోలు. వాల్వులకు బ్యాటరీ యిచ్చు కొద్ది వోల్టులు చాలవు. వాటికై వేఱు బ్యాటరీలను సీట్లక్రింద పెట్టెడివారు. ఇంజనులోని నిప్పురవ్వల చిటపట రేడియోలో వినబడకుండుటకు ప్రతి స్పార్కుప్లగ్గునకు అడ్డుకట్టు వేయవలసి యుండెను. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట ఆ బరువంతయు దిగిపోయినది. పని సులువైనకొలది మనకు జాగ్రత్త తగ్గినది.

ఇక నేను సరిదిద్దుకొన్న విధము. మా మేనల్లుడు డిప్లొమా చదివినవాడు. వాడు తోడు వచ్చెను. మొట్టమొదట బ్యాటరీ నెగటివు తీగను ఊడదీసితిమి. పాజిటివును ముందు విప్పబోయినచో, పానా జాఱి బండి యినుమునకు తగిలి పెద్ద నిప్పురవ్వ లేచును. నెగటివు ముందు తీసినచో ఆ భయము లేదు. తీగలను వెదకునప్పుడు మాత్రము మరల తగిలించి, మీటరు నల్లమొనను యినుమునకు ఆనించి, ఎఱ్ఱమొనతో ఒక్కొక్క తీగను చూచితిమి. చెవి తీసినను 12 వోల్టులు చూపునది ఎల్లవేళల తీగ. చెవి త్రిప్పినపుడే చూపునది చెవితీగ. బండి తీగల రంగులను నమ్మరాదు. సెట్టు తీగల రంగులు చాలవఱకు ఒక్క కట్టుబాటును అనుసరించును గాని, బండ్లు చేయువారిలో ఎవరి రంగులు వారివి. అందుచేత సెట్టువైపున రంగును, బండివైపున మీటరును నమ్మవలెను.

నేను వలదన్న ఆ మూడువందల కనెక్టరును ఈమాఱు కొని తెచ్చితిమి. తెగిన తీగల నన్నిటిని దానికి టంకము వేసి, ప్రతి యతుకుమీద వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగితిమి. మన యెండలకు బండిలోపల టేపుబంక కరగి జాఱిపోవును, గొట్టము జాఱదు. రేకు అంచునకు రబ్బరు తొడిగి, తీగలను దానికి దూరముగా కట్టితిమి. ఫ్యూజును సెట్టు కాగితములో చెప్పిన కొలతకే, పది ఆంపియర్లదానినే పెట్టితిమి. పదునైదు దొరికినదని పెట్టలేదు.

స్పీకర్లకడ నేనొక పొరపాటు చేయబోతిని. పాతకాలపు సెట్లలో స్పీకరునకు ఒక తీగ పోయిన చాలెడిది. రెండవదానిని బండి యినుమునకే తగిలించెడివారము. ఆ యలవాటుచొప్పున చేయబోగా మేనల్లుడు నా చేయి పట్టుకొని, "మామయ్యా, ఆగు, సెట్టు కాలిపోతుంది" అనెను. ఇప్పటి సెట్లలో స్పీకరుతీగలు రెండును బ్రతికియున్న తీగలే. ఏదియు ఎర్తునకు తగులరాదు. ఒక స్పీకరుతీగ మఱియొకదానితో కలియరాదు. సున్న, సగమంటూ నేర్చిన శిష్యుడు గురువునకు నేర్పిన దినమది. జంటలోని నల్లచాఱ తీగ నెగటివు. చాఱ చూడక ఒకదానిని తాఱుమాఱు చేసినచో సెట్టు చెడదు గాని, రెండు స్పీకర్లు ఒకటి ముందుకు పోవ నొకటి వెనుకకు పోయి, మద్దెలమోత సన్నబడును.

సెట్టు వెనుకభాగమును ఇనుపపట్టీతో బండి కమ్మికి బిగించుట చాలమంది మానివేయుదురు. ముందరి తొడుగే చాలునందురు. నున్నని రోడ్లపై చాలునేమో. మన పుంతదారులలో చాలదు. వెనుక ఆధారము లేని సెట్టు ప్రతి కుదుపునకు ఊగి, అతుకులను లాగుచుండును. మీ బండిలో సెట్టును వ్రేలితో క్రిందికి నొక్కి చూడుడు. కదలినచో ఆ పట్టీ లేదన్నమాట.

కొనునపుడు అడుగవలసినది ఒకటి. గూటి కొలత సామాన్యముగా పదునెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల ఎత్తు. దీనిని డిన్ కొలత యందురు. దీనికి రెట్టింపు ఎత్తుగలది డబుల్ డిన్. కొలత సరిపోయిన చాలునని కొనరాదు. ఇప్పుడు వచ్చు చౌకసెట్లలో పెక్కింటికి మీడియంవేవు లేనేలేదు. ఎఫ్ఎమ్ మాత్రమే యుండును. విజయవాడ కేంద్రమును మన మింతకాలము 837 కిలోహెర్ట్జులపై వినినది మీడియంవేవుననే. మీడియంవేవు నేలబాఱున దూరము సాగును. ఎఫ్ఎమ్ చాలవఱకు కంటిచూపు సాగినంత మేరకే. పట్టణములో హోరుమని పాడిన ఎఫ్ఎమ్ మా యూరి పొలిమేరలో గరగరమనును. నేనదృష్టవశమున అడుగకయే రెండునుగలదానిని కొంటిని. మేనల్లుని బండిలో మఱియొక చిత్రము జరిగెను. క్రొత్త సెట్టు పెట్టించిన పిమ్మట పెన్‌డ్రైవు పాటలు చక్కగా వచ్చుచు, రేడియో మాత్రము రాకపోయెను. ఏరియలు చెడినదని అంగడివారు రెండువేలు అడిగిరి. వాని బండి ఏరియలు పైకప్పుమీది పొట్టిది. దానిలోపల చిన్న ఆంప్లిఫయరు కలదు. దానికి సెట్టులోని నీలితీగ కరెంటు పంపవలెను. ఆ నీలితీగ కొసకు టేపు చుట్టి వదలివేసియుండిరి. కలిపినంతనే రేడియో వచ్చెను. రెండువేలు మిగిలెను.

పెద్ద తెఱలతో బొమ్మలు చూపు సెట్లను గూర్చి నన్నడుగకుడు. బండి నడుపువాని కన్నులు దారిమీద నుండవలెను; చెవులను మాత్రమే రేడియోకు ఈయవచ్చును.

పని ముగిసినదని మేనల్లుడు చేతులు కడుగుకొనెను. నేను మరల మీటరు చేర్చి చూచితిని. 4 మిల్లీ ఆంపియర్లు. అయినను నమ్మక, బండిని పదిదినములు కావలెనని కదలించక, పదునొకండవనాడు తెల్లవాఱుజామున చెవి త్రిప్పితిని. ఒక్క త్రిప్పునకే ఇంజను లేచెను. ఆ చప్పుడునకు పొరుగాయన మనుమని ఎత్తుకొని గోడమీదుగా తొంగిచూచి, "ఎక్కడికండీ మాస్టారూ ఇంత పొద్దున్నే?" అనెను. ఎక్కడికిని కాదు, బండి లేచునో లేదో చూచుచున్నాననంటిని. ఆయన నవ్వెను. ఆ రాత్రి తరువాత ఆ మాటను గూర్చి మే మిరువురము నవ్వుకొనుట అదియే మొదలు. పిల్లవాడు చేయి చాచుచుండెను. పొలమువఱకు వత్తురా యని అడిగితిని. ఇరువురును ఎక్కిరి. పోవునంతసేపు ఆ పసివాడు సెట్టు బటనులనే పట్టుకొని లాగుచుండెను. వెనుక పట్టీ బిగించియుంటిమి గనుక అది కదలలేదు.